రెండు దోసిళ్ల ఎముకలు

పోయిన సెప్టెంబరు ఇరవై ఎనిమిది, ఆదివారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు, ఆస్త్రిద్ అనే చదువుకున్న మనిషి మూడేళ్లుగా ఎదురుచూసిన పనిని నేను పారతో వాగులోకి లాగేశాను. టైము ఎట్లా తెలుసంటే, బూడిద పడకుండా చేతి గడియారం విప్పి జేబులో వేసుకుంటూ చూశాను.

ఆస్ట్రేలియా వెళ్లొచ్చినవాళ్లు సముద్రం గురించి, కంగారూల గురించి రాస్తారు. నేను చూసిన కంగారూ ఒక్కటే. అది రోడ్డు పక్కన చచ్చిపడి ఉంది. మా ప్రయాణం సిడ్నీ నుంచి కొండలు దాటి, బాథర్స్ట్ అనే ఊరు దాటి ఇంకా లోపలికి. శుక్రవారం పోయి ఆదివారం వచ్చాం. అటు ఎవరూ పోరు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు నా సంగతి. నా పేరు సుగుణమ్మ. కృష్ణ ఒడ్డున ఒక ఊరి శ్మశానంలో ముప్పై ఒక్క ఏళ్లు శవాలు కాల్చాను. మొదట అది మా ఆయన పని. ఆయన పోయేటప్పటికి పిల్ల చిన్నది. శవాలు ఆగవు. అందుకని అది నా పని అయింది. అక్షరాలు నలభై ఆరో ఏట, వయోజన విద్య కేంద్రంలో నేర్చుకున్నాను. పొడుగు వాక్యం రాస్తే మధ్యలో దారి తప్పుతాను. పొట్టివే రాస్తాను.

ఆ పిల్ల పేరు కరుణ. ఇప్పుడు సిడ్నీ పక్కన బ్లాక్‌టౌన్‌లో ముసలివాళ్లను చూసుకునే హోమ్‌లో నర్సు. దాని మొగుడు మురళి కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆ దగ్గరే ద పాండ్స్ అనే కాలనీలో ఇల్లు. చూసిపోదామని వచ్చి అయిదు నెలలు అక్కడే ఉన్నాను. మురళి మంచివాడు. మా కులం, మా పని తెలిసే కరుణను చేసుకున్నాడు. కానీ వాళ్లమ్మకూ, ఆ కాలనీలో వాళ్లకూ మాత్రం, 'మా అత్తగారు మున్సిపాలిటీ ఉద్యోగి' అని నా గురించి చెప్పాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. శ్మశానం మున్సిపాలిటీదే.

కరుణ చూసుకునే ముసలివాళ్లలో స్వీడన్ దేశం తాత ఒకడున్నాడు. ఇంగ్లీషంతా మర్చిపోయి చిన్నప్పటి భాష ఒక్కటే మిగిలింది. ఆయన కూతురే ఆస్త్రిద్. యూనివర్సిటీలో పాత సమాధుల మీద పరిశోధన చేస్తుంది. వాళ్ల పూర్వీకుల చలి దేశాల్లో, రెండు వేల ఏళ్ల కిందట, శవాన్ని కట్టెల మీద కాల్చి, ఎముకలు కుండలో పెట్టి పాతి, పైన రాళ్లు పేర్చేవాళ్లంట. కొన్ని చోట్ల ఆ రాళ్లు పడవ ఆకారంలో నిలబెట్టేవాళ్లంట. ఇప్పుడు తవ్వితే కుండలో దొరికే ఎముకలు చాలా కొంచెం. మనిషిని కాలిస్తే బకెట్టుడు ఎముకలు రావాలి. మిగతావి ఏమయ్యాయి? నిప్పు తినేసిందా, మట్టి తినేసిందా? అది తేల్చాలని ఆస్త్రిద్ ఒక పందిని కాల్చి చూసింది. సగం పచ్చిగా మిగిలింది. మళ్లీ కాల్చింది. మళ్లీ అంతే. తండ్రిని చూడ్డానికి వచ్చినప్పుడు ఆ బాధ కరుణతో చెప్పుకుంది.

"మా అమ్మను అడగండి, ముప్పై ఒక్క ఏళ్లు అదే పని చేసింది" అంది మా పిల్ల.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మురళి కంచం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"ఆమెకెందుకు చెప్పావు?"

"ఆమెకి అవసరం, చెప్పా."

"రేపు రైల్వే స్టేషన్‌లో ఎవరైనా అడిగితే చెప్తావా?"

"నీ ఉద్యోగం సంగతి నేను అందరికీ చెప్పట్లా?"

మూడోసారి శనివారం దూరంగా ఒక పొలంలో కాలుస్తానని, నన్ను రమ్మని ఆస్త్రిద్ కబురు పెట్టింది. కరుణకు ఆ శనివారం డ్యూటీ. కారు నడపడానికి మురళి తప్ప ఎవరూ లేరు. నాకూ పెద్ద సరదా ఏమీ లేదు. మోకాళ్లు నొప్పి. కాల్చింది చాలనుకునే ఇంట్లో కూర్చున్నదాన్ని. కానీ రెండుసార్లు సగం కాలిందన్న మాట నన్ను పట్టుకుంది. సగం కాలిన దాన్ని అట్లా వదిలేయడం నాకు చేతకాదు.

హారిస్ పార్క్

బయల్దేరేటప్పుడు కర్పూరం కావాలన్నాను. అందుకని హారిస్ పార్క్‌లో ఆగాం. ఆ వీధిలో మన దుకాణాలే. కర్పూరం, గోంగూర, చేపల వలలాంటి సంచుల్లో ఉల్లిపాయలు, అన్నీ ఉంటాయి. గోంగూర చిన్న కట్ట మూడు డాలర్లు. ఆ కట్ట చూస్తే నవ్వొచ్చింది. మా వైపు మేక కూడా అంతకన్నా ఎక్కువ నోట పెట్టుకుని పోతుంది.

స్వీట్ల కొట్టు దగ్గర ఒకాయన మురళి భుజం మీద చెయ్యేశాడు. కాలనీ తెలుగు సంఘం మనిషి, పేరు ప్రసాద్. సంఘానికి మురళిని సెక్రటరీగా పెట్టాలని చూస్తున్నారంట.

"ఏంటి మురళీ, ఫ్రైడే ఆఫీస్ డుమ్మానా? ఆంటీని ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?"

"త్రీ సిస్టర్స్ చూపిద్దామని అన్నా, బ్లూ మౌంటెన్స్."

"గుడ్ గుడ్. ఆంటీ, మీరు మున్సిపాలిటీలో చేశారంట కదా. ఏ సెక్షన్?"

మురళి నావైపు చూడలేదు. స్వీట్ల వైపు చూశాడు.

"చివరి సెక్షన్ బాబూ" అన్నాను.

"అంటే రికార్డ్సా?"

"అట్లాంటిదే. ఊళ్లో ఎంతవాడైనా ఆఖరికి నా దగ్గరికి రావాల్సిందే."

"పవర్‌ఫుల్ పోస్ట్ అన్నమాట" అని ఆయన నవ్వాడు. మురళి కూడా నవ్వాడు, పళ్లు మాత్రమే.

కటూంబా

ఆడిన మాట నిజం చేద్దామనుకున్నాడేమో, మురళి నిజంగానే కటూంబాలో ఆపాడు. అక్కడ లోయ అంచున మూడు పెద్ద రాళ్లు నిలబడి ఉంటాయి, వాటినే అక్కాచెల్లెళ్లంటారు. మేము పోయేసరికి మంచు కప్పేసింది. కటకటాల అవతల తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. అయినా ఆ తెలుపు ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. చైనా నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె కూడా దాని ముందే ఫోటో తీయించుకుంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆమెకూ మోకాళ్ల నొప్పేనని నడకలో తెలిసింది. చేత్తో మోకాలు చూపించింది, నేనూ చూపించాను. ఆ ప్రయాణంలో అబద్ధం కలవని మాట అప్పటికి అదొక్కటే.

కాఫీ ఆరు డాలర్లు. చెంబుడు ఇచ్చారు, అందులో కాఫీ చుక్క లేదు, అంతా నురగ. దాన్ని ముందు పెట్టుకుని మురళి మొదలుపెట్టాడు.

"అత్తయ్యా, మీరు తప్పుగా అనుకోవద్దు."

"చెప్పు బాబూ."

"మీరు సాయం చేయండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆవిడ రాసేది ఇంటర్నెట్‌లో పబ్లిష్ అవుతుంది. పేరు కొడితే వస్తుంది. ఇక్కడ వాళ్లకి ఏం కాదు, వాళ్లకి అది జాబ్. మనవాళ్లే చూసేది. ఇరవై ఏళ్లు పట్టింది నాకు ఇక్కడ నలుగురిలో నిలబడడానికి. మా అమ్మకి బీపీ. ఆవిడ అడిగితే మున్సిపాలిటీ ఉద్యోగి అని రాయమనండి. చాలు."

"నేను చేసింది అది కాదుగా."

"మొత్తం చెప్పాల్సిన పనేముంది అత్తయ్యా? కొంచెం తక్కువ చెప్పడం, అంతే."

నేను సరే అనలేదు, కాదనలేదు. నిద్రొస్తోందన్నాను. నిజంగానే వచ్చింది. కొన్ని మాటలకు బదులు చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి నడవాలి. అంత ఓపిక లేదు.

లిత్‌గో

కొండ దిగాక లిత్‌గోలో తిన్నాం. పై అని ఒకటి అమ్ముతారు, మైదాపిండి గిన్నెలో మాంసం ముద్ద పెట్టి మూత వేసినట్టు. ఏడు డాలర్ల యాభై. చేత్తో పట్టుకుంటే లోపలి రసం మోచేతి దాకా కారుతుంది. పక్క బల్ల దగ్గర టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకడు, ఎట్లా కొరకాలో నాకు చేసి చూపించాడు. ఎక్కడికి ప్రయాణమని అడిగాడు. మురళి చెప్పేలోగా నాకొచ్చిన ఇంగ్లీషు నేను చెప్పేశాను. "పిగ్. బిగ్ ఫైర్."

"ఆ, బార్బీనా" అన్నాడు పెద్దాయన. ఇక్కడివాళ్లు ఆరుబయట మాంసం కాల్చుకుని తినడాన్ని అట్లా అంటారు. తోలు మాడనివ్వద్దు, అసలు రుచంతా అందులోనే ఉంది అని చాలాసేపు హితవు చెప్పాడు. మాడేదాకా కాల్చడానికే పోతున్నామని చెప్పడానికి నా ఇంగ్లీషు చాల్లేదు. మురళి మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. ఆ రోజు అతను మనసారా నవ్వడం అదే మొదలు.

జోన్ గారి పొలం

పొలం గలావిడ పేరు జోన్. నాకన్నా పదేళ్లు పెద్దది. గొర్రెలున్నాయి, కొడుకుల ఊసు ఎత్తలేదు. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లు ఉండే రేకుల గదుల్లో మాకు మంచాలు వేసింది. వంటింట్లో ఫ్రిజ్ మీద బూడిద రంగు ప్లాస్టిక్ డబ్బా ఉంది. బియ్యం డబ్బా అనుకుని, బాగుందన్నాను.

"అది మా ఆయన" అంది జోన్.

ఇక్కడ శవాన్ని కరెంటు పొయ్యిలోనో గ్యాసు పొయ్యిలోనో కాల్చి, మిగిలిన ఎముకలన్నీ మిషన్లో పొడి కొట్టి, డబ్బాలో పోసి ఇస్తారంట. మొత్తం మనిషి, గరిటెడు కూడా తగ్గకుండా. ఇంటివాళ్లు ఎముక ముట్టుకునే పనే లేదు. మా వైపు చితాభస్మాన్ని ఇంటి గడప లోపలికి రానివ్వరు. నేనది చెప్తే మురళి ఏం తర్జుమా చేశాడో, జోన్ నాకు ఇంకో బిస్కెట్టు పెట్టింది.

ఆస్త్రిద్ సాయంత్రం వచ్చింది. నలభై దాటిన సన్నటి మనిషి, గోళ్ల నిండా మట్టి. ఆ గోళ్లు చూసి నాకు నమ్మకం కలిగింది. నా రెండు చేతులూ పట్టుకుని గబగబా ఏదో అడిగింది. మురళి బదులు చెప్పాడు. "మున్సిపాలిటీలో చేశారు, ఈ పనులు జరగడం కొంత చూశారు" అన్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుసు. ఆస్త్రిద్ మొహంలో వెలుతురు తగ్గింది. కరుణ చెప్పింది ఒకటి, ఈయన చెప్తున్నది ఒకటి. నావైపు చూసింది. నేను నేల చూశాను.

నిప్పు

శనివారం పొద్దున అగ్నిమాపక వాలంటీరు టెర్రీ నీళ్ల ట్యాంకు బండితో వచ్చాడు. జీతం లేని పని, ఊరివాళ్లే వంతులేసుకుని చేస్తారంట. అక్టోబరు వస్తే అడవులు అంటుకునే కాలం మొదలు, పొలంలో నిప్పు పెట్టాలంటే అనుమతి దొరకడం కష్టం. మా చేతిలో ఉన్నది ఆ ఒక్క రోజే. అది తప్పితే ఆస్త్రిద్ ఇంకో ఏడాది ఆగాలి, యూనివర్సిటీ వాళ్లు ఆగరు.

వాగు ఒడ్డున ఆమె పేర్చి పెట్టిన చితి చూశాను. పుస్తకంలో బొమ్మలాగా ఉంది. దుంగకు దుంగ అతికించినట్టు, వేలు దూరే సందు లేదు. గోడ కట్టింది, చితి కట్టలేదు.

"గాలి ఎట్నుంచి పోతుంది?" అన్నాను. "మొత్తం తీసేయండి."

తీయించాను. మురళి, టెర్రీ దుంగలు మోశారు. అడుగున రెండు లావు దుంగలు ఎడంగా వేసి, వాటి మధ్య గాలి వచ్చే వైపు మూరెడు సందు వదిలాను. సందులో చితుకులు. పైన అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస. దాని మీద పందిని పడుకోబెట్టి, నడుము మీదా రొమ్ము మీదా బరువైన కట్టె పెట్టించాను. మనిషిలో ఆఖరున కాలేది నడుము. కాళ్లూ చేతులూ ఎవరివైనా తొందరగానే పోతాయి.

ఒక్కో దుంగకూ ఆస్త్రిద్ ఎందుకు అని అడిగేది. నేను చెప్పేదాన్ని. మురళి, "అట్లా చేస్తుంటే చూశానని అంటున్నారు" అని చెప్పేవాడు. ఆమె రాసుకునేది. అట్లా ఓ పదిసార్లు. నా చేతులు చేస్తుంటే నా నోరు చూశానంటోంది. వెన్ను నొప్పి కన్నా అదే ఎక్కువ అలుపు తెప్పించింది.

నిప్పు నన్నే పెట్టమన్నారు. మా దగ్గర నిప్పు పెట్టేది చనిపోయినవాళ్ల మనిషి. మేం పేరుస్తాం, పక్కన నిలబడతాం. దిక్కులేని శవమైతేనే మా చేత్తో ముట్టిస్తాం. ఈ పందికీ ఎవరూ లేరు. కర్పూరం వెలిగించి తోశాను.

అరగంటలో మంట నిలబడింది. కొవ్వు కరిగి పట్టుకున్నాక ఆ వాసన వస్తుంది, నేను వర్ణించను. మురళి ట్యాంకు బండి వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు. పోయినవాడు పోయినట్టే ఉంటాడనుకున్నాను. మూతి కడుక్కుని వచ్చి మళ్లీ కట్టె మోశాడు. కంప్యూటర్ ముందు కూర్చునే చేతులు, మధ్యాహ్నానికి బొబ్బలెక్కాయి.

"రోజూ ఇట్లానేనా అత్తయ్యా?" అన్నాడు, నిప్పు వైపు చూస్తూనే.

"ఎండాకాలం రోజుకు నాలుగు."

"కరుణ అప్పుడు ఎక్కడుండేది?"

"గట్టు మీద కూర్చుని ఎక్కాలు రాసుకునేది. గాలి మారితే ఇవతల గట్టుకి మారేది."

అతను ఇంకో దుంగ తెచ్చి అందించాడు.

రెండు గంటలకల్లా చితి కూలింది. పచ్చి ముక్క ఒక్కటి మిగల్లేదు. ఆస్త్రిద్ రెండుసార్లు చుట్టూ తిరిగి చూసి, వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. నేను ఆ బట్టలతోనే చన్నీళ్లు పోసుకుంటానంటే జోన్ ఒప్పుకోలేదు, వేడినీళ్లు పెట్టింది. తలంటుకున్నాకే అన్నం ముట్టుకున్నాను. అన్నమంటే రొట్టెల మధ్య గొర్రె మాంసం.

పొద్దు వాలేముందు ఆస్త్రిద్ బూడిద మీద గళ్లు గళ్లుగా తెల్ల దారాలు లాగి కట్టింది. మురళితో చాలాసేపు ఏదో చెప్పింది. అతను అప్పటికి కూర్చున్నచోటే తూగుతున్నాడు.

"రేపు పొద్దున ఎముకలు ఏరతారంట అత్తయ్యా" అన్నాడు. అంతే చెప్పాడు.

ఆదివారం

నాకు అయిదింటికే మెలకువ వచ్చేసింది. గడ్డి మీద తెల్లగా మంచు. ఎముకలు ఎండ ఎక్కకముందే ఏరాలి. ఎవరూ లేవలేదు. వీళ్లకు ఈ పని తెలియదు, నేనే కానిస్తే తిరుగుప్రయాణం తొందరగా పెట్టుకోవచ్చు అనుకున్నాను. జోన్ వంటింటి వసారాలో కడిగి బోర్లించిన గిన్నె ఒకటి దొరికింది. కొత్త కుండ లేదు, ఏం చేస్తాం.

దారాలు కాళ్లకు అడ్డం పడుతున్నాయి. అన్నీ విప్పి, చక్కగా ఉండ చుట్టి, కంచె రాటకు తగిలించాను. పుల్లలు కట్టగట్టి పక్కన పెట్టాను. బూడిద మీద నీళ్లు చల్లాను. సుయ్‌మంది, లోపల ఇంకా వేడి ఉంది. కాళ్ల దగ్గర మొదలుపెట్టి తల వైపు ఏరుకుంటూ పోవాలి. పందికి కాళ్లెక్కడ, చేతులెక్కడ అని కాసేపు ఆలోచించి, వెనకవి కాళ్లనుకున్నాను. కాళ్లవి కొన్ని, నడుముది ఒకటి, పక్కటెముకలు, చేతులవి, ఆఖరున తలముక్క. గిన్నె నిండింది. రెండు దోసిళ్లు. గిన్నెకు గుడ్డ కట్టి పక్కన పెట్టి, గడియారం విప్పి, పార తీసుకున్నాను. మిగతాదంతా వాగులోకి లాగడం మొదలుపెట్టాను.

నాలుగింట మూడు వంతులు అయిపోయాక వెనక అలికిడైంది. ఆస్త్రిద్. కాళ్లకు మేజోళ్లే ఉన్నాయి, చేతిలో కాఫీ కప్పు. "స్టాప్" అంది. అరవలేదు. చిన్నగానే అంది. తర్వాత ఉన్నచోటే తడి గడ్డిలో కూర్చుండిపోయింది.

మురళి నోట్లో బ్రష్‌తో పరిగెత్తుకొచ్చాడు. ఆమె ఏం చెప్పిందో విని తల పట్టుకున్నాడు.

"అత్తయ్యా, ఒక్కో గడిలో ఉన్న ప్రతి ముక్కా జల్లెడ పట్టి తూకం వేయాలంట. ఫోటోలు తీయాలంట. ఏం చేశారు మీరు?"

"ఎముకలు ఏరాను."

"మిగతావి?"

"వాగులో వేశాను. ఇంకెక్కడ వేస్తారు?"

"నిన్న ఆవిడ చెప్పింది, నేనే మొత్తం చెప్పలేదు" అని గొణుక్కున్నాడు. ఈలోగా టెర్రీ బండి వచ్చింది. జోన్ కూడా వచ్చి వాగులోకి చూసి, తన గొర్రెలు తాగేది ఆ నీళ్లేనంది. తర్వాత గుడ్డ కట్టిన గిన్నె చూసింది. అది ఆమె పాలు కాచుకునే గిన్నె. కాసేపు దానివంకే చూసి, ఇక అది మీరే ఉంచుకోండి అంది. టెర్రీ దగ్గినట్టు నవ్వు ఆపుకున్నాడు.

ఆస్త్రిద్ కింద కూర్చునే అడిగింది. మురళి చెప్పాడు. "ఇంకెక్కడ వేస్తారు అంటోంది, అంటే ఏంటని అడుగుతోంది."

"నదిలో కలిపేస్తాం. లేదా ఊడ్చేస్తాం, ఇంకో శవం వస్తుంది కదా."

"కుండలోకి ఎన్ని తీసుకుంటారు అంటోంది."

"ఇన్నే. కుండ పట్టినన్ని. ప్రతి చోటి నుంచీ కొంచెం, తలది మాత్రం తప్పదు."

"అన్నీ ఎందుకు తీసుకోరు అంటోంది."

విసుగొచ్చింది నాకు. "మనిషిని మొత్తం ఎవరు మోసుకుపోతారమ్మా?" అన్నాను.

మురళి అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. ఆస్త్రిద్ లేచింది. గిన్నె గుడ్డ విప్పింది. తూకం తెచ్చి తూచింది. కంప్యూటర్ తెరిచి ఏవో వరసలు చూసింది. మళ్లీ తూచింది. వాళ్ల దేశపు కుండల్లో దొరికేవి కూడా ఇంచుమించు ఇంతేనంట. నిప్పు ఎంత తినేసిందా అని మూడేళ్లు లెక్కలు కట్టింది. బంధువులు కావాలనే కొన్నే ఏరుకుని మిగతావి వదిలేసి ఉంటారని ఊహించినవాళ్లు ఉన్నారంట, కానీ ఆ పని స్వయంగా చేసినవాళ్లు చెప్పగా ఆమె ఎన్నడూ వినలేదంట. ఒక్క పందితో ఏదీ రుజువు కాదు అని కూడా అంది. ఆ మాట నాకు నచ్చింది.

తర్వాత ఆమె పెద్ద అట్ట పుస్తకం తీసి, మురళిని సూటిగా అడిగింది. అతని మొహం చూస్తే అర్థమైంది, తర్జుమా అక్కర్లేదు. అయినా చెప్పాడు, ఆగి ఆగి.

"అత్తయ్యా, మున్సిపాలిటీ నుంచి వచ్చిన చుట్టం పొరపాటున చెరిపేసింది అని రాస్తే, ఇది పాడైపోయిన ప్రయోగం. అంతటితో క్లోజ్. ముప్పై ఒక్క ఏళ్లు ఈ పని చేసిన మనిషి, తన చేతులకు తెలిసినట్టు చేసింది అని రాస్తే, అది సాక్ష్యం. నిన్న నేను 'చూశారు' అన్నాను. కరుణ 'చేశారు' అని చెప్పింది. ఏది రాయమంటారని."

"నువ్వేం చెప్పమంటావు బాబూ?"

చేతుల బొబ్బలు చూసుకున్నాడు. వాగు చూశాడు. "నాకు తెలియట్లేదు" అన్నాడు. "మీరే చెప్పండి. నేను మార్చను."

నాకు కోపమేమీ రాలేదు. అయిదు నెలలుగా, ఆ కాలనీలో ఎవరు పలకరించినా నా బతుకులో ముప్పై ఒక్క ఏళ్లు తీసేసి బదులు చెప్తున్నాను. నా చేతుల మీదుగా కాలినవాళ్లు వేలమంది. ఒక్కరిని సగంలో వదల్లేదు. ఇది మాత్రం సగం చెప్పి ఊరుకోవాలంట. ఇక నా వల్ల కాలేదు. అంతకుమించి ధైర్యం ఏమీ లేదు అందులో.

మురళిని అడగలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో నేనే చెప్పాను. "డెడ్ బాడీ బర్న్. థర్టీ వన్ ఇయర్స్. మై వర్క్." చెప్పి, కలం ఇమ్మని చెయ్యి చాచాను. పేరూ పనీ తెలుగులో నేనే రాశాను. వేళ్లకు బూడిద ఉండటం వల్ల కాగితం మీద మరక పడింది. ఆస్త్రిద్ తుడవలేదు.

మురళి నేను రాసింది చదివాడు. అక్కడ తెలుగు చదవగలిగింది అతనొక్కడే. నిన్న తాను చెప్పింది తప్పని, చూడటం కాదు చేశారని, ఆస్త్రిద్‌తో తనే అన్నాడు. ఆమె అతని పేరు రాస్తుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంటిపేరు వద్దు. ప్లీజ్."

నావైపు తిరిగి, "అత్తయ్యా, అంతవరకే నాకు చేతనవుతుంది" అన్నాడు.

"సరే బాబూ" అన్నాను.

తిరుగుదారిలో కటూంబా దగ్గర మంచు లేదు, మూడు రాళ్లూ కనబడుతున్నాయంట. ఆపనా అన్నాడు. వద్దన్నాను. చాలాసేపటికి, ఆ రాత ఇంటర్నెట్‌లోకి ఎప్పుడు వస్తుందని నన్నే అడిగాడు. ఏడాది పడుతుందని ఆస్త్రిద్ అన్నది కదా అన్నాను. "అయితే టైముంది" అన్నాడు. దేనికో చెప్పలేదు. నేను కళ్లు మూసుకున్నాను.

తవ్వకాల దగ్గర వీళ్లకు ఒక పద్ధతి ఉంది. రోజు ముగిశాక అక్కడున్న ప్రతి మనిషి పేరూ, ఏం చేశారో, పేజీ అడుగున రాయాలి. ఆ పేజీలో ఉన్నట్టే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆదివారం వాగు ఒడ్డున ఉన్నవాళ్లం: ఆస్త్రిద్, సమాధుల పరిశోధకురాలు. జోన్, ఆ నేల గలావిడ. టెర్రీ, నిప్పు కాపలా. మురళి, మాటలు అటూ ఇటూ చేర్చినవాడు. సుగుణమ్మ, కాటికాపరి.